ఆరుగురు పిల్లలతో మెదక్ చర్చికి వెళ్లొచ్చాం. మీరు పిల్లల్ని ఎలా తిప్పుతున్నారు?

ఆరుగురి అమ్మ, సికింద్రాబాద్ | శనివారం రాత్రి 9:40

అందరికీ వందనాలు. దసరా సెలవుల్లో పిల్లల్ని మెదక్ తీసుకెళ్లాం. ఈ గ్రూపులో ఇద్దరిని, ముగ్గురిని దత్తత తీసుకున్నవాళ్లూ, తీసుకుందామని చూస్తున్నవాళ్లూ చాలామంది ఉన్నారు కదా, ఆ రోజు సంగతంతా రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా ఇంటి లెక్క చెప్తాను. పెద్దమ్మాయికి 19, పెద్దోడికి 16. ఈ ఇద్దరూ నా కడుపున పుట్టారు. 2018లో ఒక తల్లి బిడ్డలు ముగ్గురు, అక్కాచెల్లెళ్లూ తమ్ముడూ, ఒక్కసారే మా ఇంటికొచ్చారు. ఇప్పుడు వాళ్లకి 14, 12, 10. 2021లో చిన్నది వచ్చింది, ఇప్పుడు దానికి ఏడేళ్లు. దానికి వినికిడి బాగా తక్కువ, రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటుంది. మా ఇద్దరితో కలిపి ఎనిమిది మందిమి.

సొంత బండి లేదు. ఎనిమిది మందికి కారు మాట్లాడుకుంటే ఒక్క రోజుకే నెల సరుకుల డబ్బు పోతుంది. అందుకని జూబ్లీ బస్ స్టేషన్ నుంచి నర్సాపూర్ మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేకుండా చేసిన మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో ప్రయాణాల తీరే మారిపోయింది. నాకూ నలుగురు ఆడపిల్లలకూ జీరో టికెట్. మా ఆయనకి, పెద్దోడికి ఫుల్లు, ఐదోవాడికి సగం. మొత్తం రెండున్నర టికెట్లకి ఎనిమిది మందిమి మెదక్‌లో దిగాం. అంతకుముందు ఏడాదికి ఒక్క ప్రయాణం పెట్టుకోవాలంటే మూడు నెలలు చీటీ కట్టేదాన్ని. ఒక్క సంగతి: ఆడపిల్లలందరి ఆధార్ కార్డులూ నా సంచిలోనే పెట్టుకుంటాను, చిన్నదానిది కూడా. దత్తత ఉత్తర్వు వచ్చాక పుట్టిన సర్టిఫికెట్టూ, ఆధారూ కొత్త ఇంటిపేరుతో మార్పించుకోవడం వాయిదా వెయ్యకండి. కండక్టర్ ముందు పిల్ల పాత పేరు బయటికి చదవాల్సి వస్తే దాని మొహం ఎట్లా వాడిపోతుందో నేను చూశాను.

తిండి: కిలోన్నర బియ్యం పులిహోర, పదహారు ఉడకబెట్టిన గుడ్లు, రెండు డజన్ల అరటిపళ్లు. నాలుగోదానికి మాత్రం విడిగా స్టీలు డబ్బా. వచ్చిన కొత్తలో అది ఎక్కడికెళ్లినా చపాతీ ముక్క గౌను జేబులో దాచుకునేది. ఉతకబోతే జేబు నిండా ఎండిపోయిన ముక్కలు. నేను ఒక్కసారీ తిట్టలేదు, తీసి పారెయ్యలేదు. దాని పేరు మీద ఒక డబ్బా కొని, "ఇది నీది, ఎవరూ అడగరు, నీకు తినబుద్ధైనప్పుడు తిను" అని చేతికిచ్చాను. ఏడేళ్లయింది. ఇప్పటికీ ప్రయాణమంటే ఆ డబ్బా ఉండాల్సిందే. మొన్న నర్సాపూర్ అడవి దగ్గర కోతుల్ని చూస్తూ అది తనంతట తానే మూత తీసి చిన్నదానికి రెండు గుడ్లు పెట్టింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు కూర్చున్నాను.

బస్సులో ఒక పెద్దావిడ అడిగింది. "అందరూ మీ పిల్లలేనా బిడ్డా? గీ పిల్ల పోలిక వేరే ఉన్నదేంది?" ఆవిడ మనసులో చెడు లేదు. కానీ ఆ మాట అనగానే నా పక్కనున్న మూడోది తల దించేసుకుంది. "అందరూ మా పిల్లలేనమ్మా" అని, మీ ఊరేది, మీకెంతమంది మనవలు అని ఆవిడ్నే అడిగాను. మాట అటు మళ్లింది. మూడోది నా చెయ్యి పట్టుకుని నర్సాపూర్ దాకా వదల్లేదు.

ఇక చర్చి. వెళ్లనివాళ్లు తప్పకుండా వెళ్లండి. మన దక్షిణ ఇండియా సంఘం మెదక్ డయోసిస్ చర్చి అది. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ పోస్నెట్ దొర కట్టించారు. 1914లో మొదలుపెడితే 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో ఊరికే తిండి పెట్టడం కాకుండా పనిచ్చి, ఆ పనికి తిండి పెట్టాలని మొదలుపెట్టిన కట్టడం అని మా అమ్మమ్మ చెప్పేది. వంద అడుగుల వెడల్పు, రెండొందల అడుగుల పొడవు, గోపురం 175 అడుగులు. పిల్లలు తల వెనక్కి వాల్చి చూసి చూసి మెడ నొప్పి అన్నారు. లోపల రంగుటద్దాల కిటికీలు మూడు: ప్రభువు జననం, సిలువ, ఆరోహణం. ఎండ వెలుగు ఉన్నంతసేపే బొమ్మ కనపడుతుంది, పొద్దుగూకితే ఏమీ కనపడదు. అందుకని పగటి పూటే వెళ్లండి.

జరిగిన పొరపాటు కూడా రాస్తాను. మా ఐదోవాడికి ఒక అలవాటుంది, ఎక్కడ ఆగినా తలలు లెక్కపెడతాడు. వేలు చూపించి గొంతు లోపలే "ఒకటి, రెండు" అనుకుంటూ "ఎనిమిది" అన్నాకే కదులుతాడు. వచ్చినప్పుడు వాడికి మూడేళ్లు, అప్పటికి మనుషులు ఎప్పుడు మాయమైపోతారో అన్న భయం వాడిలో ఉండేది. మధ్యాహ్నం చర్చి బయట చెట్టు కింద అన్నాలు పెట్టుకుంటుంటే వాడు లెక్కపెట్టి ఆగిపోయాడు. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. "అమ్మా, ఏడుగురమే ఉన్నాం" అన్నాడు. చిన్నది పెద్దమ్మాయి దగ్గరుందని నేను, నా దగ్గరుందని పెద్దమ్మాయి అనుకున్నాం.

మేం లేచేలోపే వాడు చెప్పులు లేకుండా ఎండలో రాళ్ల మీద పరిగెత్తాడు. వెనకాలే మేం. చిన్నది లోపల బెంచీ పక్కన నేల మీద కూర్చుని ఉంది. జనం గోల ఎక్కువైందని మిషన్లు రెండూ తీసి గౌను ఒళ్లో పెట్టుకుంది, అందుకే మేం పిలిచింది వినపడలేదు. కిటికీ రంగులు నేల మీద పడుతుంటే ఆ ఎరుపులో చెయ్యి పెట్టి, నీలంలోకి జరిపి చూసుకుంటోంది. వాడు అరవలేదు. వెనకనుంచి పట్టుకుంటే ఉలిక్కిపడుతుందని చుట్టూ తిరిగి ముందుకొచ్చి కూర్చుని, తన చెయ్యి కూడా ఆ ఎరుపులో పెట్టాడు. అది తలెత్తి చూసింది. అప్పుడు రెండు చేతులతో స్టీరింగ్ తిప్పినట్టు చూపించి, నోటి దగ్గరికి ముద్ద పెట్టినట్టు చూపించాడు. బస్సు, అన్నం. మా ఇంట్లో మేం పెట్టుకున్న సైగలు అవి.

నేను అక్కడొక స్తంభం దగ్గరే కూలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నాలుగైదు నిమిషాలే, కానీ ఆ నాలుగు నిమిషాలు నా ప్రాణం నాలో లేదు.

మీరంతా ఇంతమందిని ఎలా తీసుకెళ్తున్నారు? ఎక్కడికి? జనంలో ఏం జాగ్రత్తలు పడతారు? రాయండి.

---

గుణదల ఆంటీ, విజయవాడ | శనివారం రాత్రి 10:15

చదువుతుంటే నా కళ్లమ్మట నీళ్లాగలేదమ్మా. పిల్ల దొరికింది, తల్లి మరియమ్మకు వందనాలు.

మేం కతోలికులం. నలుగురు పిల్లలు, అందులో ఇద్దరు దత్తత. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 గుణదల మాత తిరునాళ్లకి కొండెక్కుతాం. అక్కడి జనం మీకు తెలుసుగా, లక్షల్లో. మాది రెండే పద్ధతి. అందరికీ ఒకటే రంగు చొక్కాలు, బాగా పసుపుపచ్చ నిమ్మకాయ రంగు. రెండోది, చిన్నపిల్లల ముంజేతి మీద బాల్‌పెన్నుతో మా ఫోన్ నంబరు రాసి, పైన పారదర్శకంగా ఉండే టేపు అంటిస్తాను, చెమటకి చెరగదు. తప్పిపోతే ఎక్కడ కలవాలో కొండెక్కక ముందే చూపించి పెడతాను.

ఇంకో మాట. గుణదలలో తలనీలాలు ఇచ్చే ఆనవాయితీ ఉంది. మా మూడోవాడు మా ఇంటికొచ్చిన మొదటి ఏడు అందరికీ గుండు చేయిస్తున్నాం కదా అని వాణ్నీ కూర్చోబెట్టాను. వాడు క్షురకుడి చేతిలో కత్తి చూసి గజగజ వణికాడు. ఎంత బుజ్జగించినా లాభం లేకపోయింది. రాత్రి మా ఆయన ఒళ్లో పడుకుని చెప్పాడట, హోమ్‌లో ఉన్నప్పుడు పేలు పడ్డాయని అందరినీ వరసగా నిలబెట్టి గుండ్లు కొట్టేవాళ్లని, ఏడిస్తే తల గట్టిగా వంచి పట్టుకునేవాళ్లని. ఆ మొక్కు నేనే నా జడ ఇచ్చి తీర్చుకున్నాను. వాడి జుట్టు జోలికి మళ్లీ పోలేదు. పోయినేడు వాడే అడిగాడు, "అమ్మా, ఈసారి నేనిస్తాను" అని. అడిగినా నాలుగు రోజులు ఆలోచించుకోమన్నాను.

---

విశాఖ నాన్న | శనివారం రాత్రి 11:02

ఆరుగురి అమ్మగారూ, మీ ఐదోవాడికి మా ఇంటి తరఫున ముద్దులు.

మాకు ఐదుగురు. మేం ఎక్కువగా రైళ్లే. మీలాంటి పెద్ద కుటుంబాలకి రైలు టికెట్ల సంగతి చెప్తాను, చాలామంది పొరపాటు పడుతున్నారు. ఐదేళ్లలోపు వాళ్లకి టికెట్ అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు లోపు వాళ్లకి బెర్తు వద్దంటేనే సగం చార్జీ, బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి చార్జీ కట్టాలి. పగటి ప్రయాణమైతే బెర్తు అడక్కండి.

మేం విశాఖ నుంచి అరకు వెళ్లే కిరండోల్ లైను పాసింజర్ ఎక్కుతాం. దారిలో సొరంగాలు యాభై పైనే. మా నాలుగో పాపకి చీకటంటే చాలా భయం. రాత్రి లైటు తీస్తే కేకలేసేది. రైలెక్కించడం మంచిదా కాదా అని వారం ఆలోచించాం. చివరికి అన్నలు ఇద్దరూ కూర్చోబెట్టి చెప్పారు: "సొరంగం వస్తుంది, మళ్లీ వెలుగు వస్తుంది, ప్రతిసారీ వస్తుంది, నువ్వు లెక్కపెట్టు." మొదటి సొరంగంలో నా మెడ పట్టుకుని గోళ్లు దించింది. ఐదోదానికి ఒక అన్న చెయ్యి, ఒక అక్క చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. ఇరవై దాటాక కళ్లు తెరిచి కూర్చుంది. బొర్రా గుహల స్టేషన్ వచ్చేసరికి తనే "ఇంకోటి, ఇంకోటి" అని అరుస్తోంది. గుహల్లోకి మాత్రం ఆరోజు తీసుకెళ్లలేదు. ఒక రోజుకి అది చాలు అనిపించింది. మా ఆవిడ, పాప బయట వెదురులో కాల్చిన కోడి తింటూ కూర్చున్నారు.

---

కొత్తగా వచ్చాను, కరీంనగర్ | ఆదివారం మధ్యాహ్నం 2:20

ఇప్పుడే గుడి నుంచి వచ్చి అన్నీ చదివాను. మాకు ఒక బాబు. దత్తత కోసం పేరు నమోదు చేసుకున్నాం, ఇంటికొచ్చి విచారణ కూడా చేసి వెళ్లారు. ఇద్దరు తోబుట్టువులు ఉంటే తీసుకుందామని నేను, ఒక్క పసిబిడ్డ చాలని మావారు. మీరు ముగ్గుర్ని ఒకేసారి ఎలా తీసుకున్నారు అక్కా? ఇప్పుడు అంతమందిని ఇస్తారా? మా చర్చిలో ఒక పెద్దాయన క్రైస్తవులకి దత్తత చట్టమే లేదన్నారు, అది నిజమేనా?

---

రిటైర్డ్ మాస్టారు, డోర్నకల్ | ఆదివారం సాయంత్రం 4:05

అమ్మా కరీంనగర్, మీ చర్చి పెద్దాయన చెప్పింది ఒకప్పటి మాట. ఒకప్పుడు అది నిజమే, నేను అనుభవించాను.

1956 దత్తత చట్టం హిందువులకు, దాని పరిధిలో బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు. మనకి వర్తించదు. 1994లో మేము ఏడాది పాపను తీసుకున్నప్పుడు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కిందే కోర్టుకెళ్లాం. జడ్జిగారు ఇచ్చింది సంరక్షకత్వం. అంటే కాగితం మీద నేను ఆ పిల్లకి తండ్రిని కాను, సంరక్షకుణ్ని. పిల్లకి పద్దెనిమిది నిండగానే ఆ సంరక్షకత్వం కూడా ముగిసిపోతుంది. ఆస్తి ఇవ్వాలంటే వీలునామా రాయాలి. మేము రాశాం.

తర్వాత 2000 నాటి బాలల న్యాయ చట్టం, దానికి 2006 సవరణ వచ్చాక ఏ మతంవాళ్లయినా పూర్తి హక్కులతో దత్తత తీసుకునే దారి ఏర్పడింది. 2014లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 చట్టం. దాని కింద తెచ్చుకున్న బిడ్డ పుట్టిన బిడ్డతో సమానం. మీరు ధైర్యంగా ఉండండి.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు బడివాళ్లు నాగార్జునసాగర్ విహారయాత్రకి తీసుకెళ్తూ ఒక ఫారం పంపారు. 'విద్యార్థికి సంబంధం' అన్నచోట నేను చట్టప్రకారం ఉన్నదే రాయాలని 'సంరక్షకుడు' అని రాసి సంతకం పెట్టాను. ఉపాధ్యాయుణ్ని, అబద్ధం రాయకూడదనుకున్నాను. పొద్దున దాని సంచి సర్దుతుంటే ఆ ఫారం కనపడింది. నా రాత మీద పెన్సిలుతో గీత కొట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో 'నాన్న' అని రాసి ఉంది. నేనేమీ అనలేదు. ఆ ఫారం అలాగే బడికి పంపాను.

ఇప్పుడా అమ్మాయికి ఇద్దరు పిల్లలు.

---

ఆరుగురి అమ్మ, సికింద్రాబాద్ | ఆదివారం రాత్రి 8:30

మాస్టారూ, మీ ఫారం సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

కరీంనగర్ చెల్లీ, మేం ముగ్గురు కావాలని అడగలేదు. దరఖాస్తులో తోబుట్టువులు అయినా సరే అని గుర్తు పెట్టాం, అంతే. ముగ్గురు అని తెలిసిన రాత్రి మోకాళ్ల మీద తెల్లవారింది. విడదీస్తే వాళ్లకి మిగిలింది ఏముంది అని పెద్దమ్మాయే అంది, అప్పుడు దానికి పన్నెండేళ్లు. మాకు ఉత్తర్వు కోర్టులో వచ్చింది. ఇప్పుడు 2022 సెప్టెంబర్ నుంచి జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. 2022 నిబంధనల ప్రకారం ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవాళ్లకి ప్రత్యేక అవసరాలున్న పిల్లల్నీ, తొందరగా ఇల్లు దొరకని పిల్లల్నీ మాత్రమే చూపిస్తారు. మీకు ఒక్క బాబే కాబట్టి మీకది అడ్డు కాదు. భార్యాభర్తల వయసు కలిపి చూస్తారు: రెండేళ్లలోపు బిడ్డకి 85 దాటకూడదు, నాలుగేళ్లలోపు 90, ఎనిమిదేళ్లలోపు 100, ఆపైన 110. పసిబిడ్డ కోసమైతే ఏళ్లు ఎదురుచూడాలి. పెద్ద పిల్లలు, తోబుట్టువులు అక్కడ మన కోసం ఎదురుచూస్తుంటారు. మీవారితో ఈ మాట నెమ్మదిగా మాట్లాడండి, తొందరపెట్టకండి. ఆయన మనసు ఒప్పుకోకుండా వచ్చిన బిడ్డకి అది తెలిసిపోతుంది.

పిల్లలొచ్చాక రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి వచ్చి చూసి వెళ్తారు. దానికి భయపడకండి. అలా చూడ్డానికి మా ఇంటికొచ్చిన అమ్మాయికి నాలుగోది తన డబ్బా చూపించింది.

---

తెనాలి పాస్టరమ్మ | ఆదివారం రాత్రి 9:10

ప్రైజ్ ద లార్డ్. ఎంత చక్కటి సాక్ష్యాలు! నాకొక్కటే వెలితిగా ఉంది. ఆరుగురి అమ్మగారూ, బస్సులో ఆ పెద్దావిడ అడిగినప్పుడు "వీళ్లని దేవుడు మాకు దత్తతగా ఇచ్చాడు" అని చెప్పే అవకాశం వచ్చింది కదా, మాట ఎందుకు మళ్లించారు? దీపం కుంచం కింద పెట్టకూడదు కదా. మా సంఘంలో ఒక కుటుంబం ముందుకొచ్చి పిల్లలతో సహా నిలబడి చెప్పాక ఇంకో రెండు కుటుంబాలు కదిలాయి. మనం దాచిపెడితే దత్తత అంటే ఇంకా చాటుమాటు వ్యవహారంలాగే మిగిలిపోతుందేమో. తప్పుగా అనుకోకండి.

---

ఆరుగురి అమ్మ, సికింద్రాబాద్ | ఆదివారం రాత్రి 10:25

తప్పుగా అనుకోలేదు అమ్మగారూ. మీరు అడగడమే మంచిదైంది.

మేం దాచలేదు. పిల్లలందరికీ వాళ్లు ఎలా వచ్చారో మొదటి రోజు నుంచి తెలుసు. మా సంఘంలో అందరికీ తెలుసు. కానీ 2019లో ఒక కూడికకి వెళ్లాం, ఊరి పేరు చెప్పను. ప్రసంగానికి వచ్చినాయన మా ముగ్గుర్నీ స్టేజీ మీదకి పిలిచి, "ఈ అనాథల్ని చూడండి, వీళ్లమ్మ వీళ్లని వదిలేసింది, ఈ తల్లి చేరదీసింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా ఒక్క క్షణం సంతోషపడ్డాను. అది నా తప్పే. తర్వాత చూస్తే మూడోది, అప్పుడు దానికి ఎనిమిదేళ్లు, తమ్ముడి చెవులు రెండు చేతులతో మూసి నిలబడి ఉంది. ఆ మాట వాడి చెవిన పడకూడదని.

ఇంటికొచ్చే దారంతా అది ఒక్కటే అడిగింది: "అమ్మ మమ్మల్ని వదిలెయ్యలేదు, అమ్మ చచ్చిపోయింది. ఆయనకి తెలియకుండా ఎందుకు చెప్పాడు?"

ఆ రోజు మా ఆయన, నేను ఒక నిర్ణయం తీసుకున్నాం. మేం దత్తత తీసుకున్నాం అన్నది మా కథ, అది ఎక్కడైనా చెప్తాం. మా పిల్లలు ఎక్కడ పుట్టారు, వాళ్లకి ఏం జరిగింది అన్నది వాళ్ల కథ. అది ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో వాళ్లే చెప్పుకుంటారు. బస్సులో, గుడి మెట్ల మీద, జూ పార్కులో టికెట్ క్యూలో అడిగినవాళ్లకల్లా దాన్ని పంచిపెట్టే హక్కు నాకు లేదు. పౌలు రాసిన దత్తపుత్రాత్మ అన్న మాటను పట్టుకుని నేను ఎంతో ఓదార్పు పొందాను. ఆ మాట తర్వాత వచ్చేది "అబ్బా, తండ్రీ" అన్న పిలుపు. ఇంటికొచ్చిన బిడ్డ నాన్నా అని పిలుస్తుంటే దారినపోయేవాళ్ల ముందు దానికి నేను ఋజువు చూపించాలా?

మీరు చెప్పినట్టు కుటుంబాలు కదలాలి. అందుకే నేను పిల్లలు లేని చోట, స్త్రీల సమాజంలో, గంటలు గంటలు మాట్లాడతాను.

---

పెద్దబ్బాయి, బెంగళూరు | ఆదివారం రాత్రి 11:48

నేను ఇక్కడ చదవడమే కానీ రాయను. ఈరోజు రాస్తున్నాను. నన్ను ఆరేళ్లప్పుడు తీసుకున్నారు, ఇప్పుడు ముప్పై. గుంటూరు దగ్గర పెరిగాను. మేం ఏడుగురం.

పాస్టరమ్మగారూ, మీమీద కోపంతో కాదు. నన్ను కూడా నిలబెట్టారు, చాలాసార్లు. మా అమ్మానాన్న మంచి ఉద్దేశంతోనే నిలబెట్టారు, వాళ్లని నేను ప్రాణంగా చూసుకుంటాను. కానీ ఏ కూడికకి వెళ్లినా పేరు పిలుస్తారేమోనని ముందు రాత్రి నుంచి కడుపులో నొప్పి వచ్చేది. సాక్ష్యం అయ్యాక ఆంటీలు వచ్చి బుగ్గ పట్టుకుని "అదృష్టవంతుడివి" అనేవాళ్లు. మా అన్నని ఎవరూ అదృష్టవంతుడివి అనలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే పప్పన్నం తిన్నాం.

నాకు హాయిగా గుర్తున్నవి వేరే. ఏటా బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి సంఘం లారీలో వెళ్లేవాళ్లం. నాన్న మా ఏడుగుర్నీ చేతులు పట్టించి వరసగా అలల్లో నిలబెట్టేవాడు, అటు చివర ఆయన, ఇటు చివర అమ్మ. అల వచ్చినప్పుడు ఎవరి చెయ్యి జారినా పక్కవాడికే తిట్లు. అక్కడ ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఒకసారి నా చెయ్యి జారిందని మా అన్న బాగా తిట్లు తిన్నాడు, వాడు ఇంటికొచ్చి నన్ను కొట్టాడు కూడా. నేను ఆ ఇంటివాణ్నని నాకు తెలిసింది ఆ రోజే.

ఆరుగురి అమ్మగారూ, మీ మూడోదానికి చెప్పండి, తమ్ముడి చెవులు మూసినందుకు బెంగళూరు అన్న మెచ్చుకున్నాడని.

---

తెనాలి పాస్టరమ్మ | సోమవారం ఉదయం 6:15

బాబూ, తెల్లవారుజామున ప్రార్థనకి లేచి ఇది చదివాను. వచ్చే నెల మా సంఘంలో కృతజ్ఞతా కూడిక ఉంది. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టాలని కార్యక్రమంలో రాసుకున్నాం. పాస్టరు అయ్యగారితో మాట్లాడాను, ఆ వరస తీసేస్తున్నాం. వాళ్ల అమ్మానాన్న మాట్లాడతారు, అదీ వాళ్లకిష్టమైతేనే. దత్తత గురించి సంఘంలో మాట్లాడాలన్న నా పట్టుదల మాత్రం పోలేదు. ఎలా మాట్లాడాలో ఇంకా ఆలోచించాలి.

---

విశాఖ నాన్న | సోమవారం మధ్యాహ్నం 1:30

చిన్న పాప చెవి మిషన్ల గురించి ఒక ప్రశ్న. మా స్నేహితుల బాబుకి కూడా ఈమధ్యే పెట్టారు. వాళ్లు నీళ్ల దగ్గరికి, జనంలోకి తీసుకెళ్లాలంటే భయపడుతున్నారు. మీరెలా చేస్తారు?

---

ఆరుగురి అమ్మ, సికింద్రాబాద్ | సోమవారం రాత్రి 9:05

బయటికెళ్లేటప్పుడు బ్యాటరీల పట్టీ రెండు చోట్ల పెడతాను, ఒకటి నా దగ్గర, ఒకటి పెద్దోడి జేబులో. మాది 675 నంబరు, నీలం స్టిక్కరుది. స్టిక్కరు పీకగానే పెట్టెయ్యకుండా ఒక నిమిషం గాలి తగలనిస్తే బాగా పనిచేస్తుంది. మిషన్లకి దారం కట్టి చొక్కాకి క్లిప్పు పెట్టండి, తీసేసినా కింద పడవు. నీళ్లలోకి దిగేముందు తీసి మూత బిగించే డబ్బాలో వెయ్యాలి. మిషన్లు లేనప్పుడు ఏ సైగకి ఏమిటో ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. మాకు పదిహేను దాకా ఉన్నాయి: రా, ఆగు, అన్నం, నీళ్లు, బస్సు, భయమేస్తోందా, ఇంటికెళ్దాం. పసుపు చొక్కా సలహా కూడా తీసుకున్నాను ఆంటీ, ఎనిమిది కొంటున్నాను.

మెదక్ తర్వాత ఇంకో మార్పు చేశాం. చిన్నది ఎవరి దగ్గరుంటే వాళ్లు చేతికి ఎర్ర రబ్బరు బ్యాండు వేసుకోవాలి. చేతులు మారినప్పుడు బ్యాండు కూడా మారాలి. "నీ దగ్గరుందనుకున్నా" అన్న మాటకి ఇక చోటు లేదు.

బెంగళూరు బాబూ, మూడోదానికి నీ మాట చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపయ్యాక వచ్చి, "ఆ అన్న వాళ్ల అన్న ఇప్పుడు కూడా కొడతాడా?" అని అడిగింది.

---

రిటైర్డ్ మాస్టారు, డోర్నకల్ | సోమవారం రాత్రి 9:50

అమ్మా, పిల్లల్ని ఒకసారి మా ఊరు తీసుకురండి. మా ఎపిఫనీ కెతీడ్రల్ మెదక్ అంత ఎత్తు కాదు కానీ వేరే తీరు. అజరయ్య బిషప్పుగారు కట్టించారు, 1939లో ప్రతిష్ఠ. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు ఆయన. మన గుళ్ల స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ కలిసిన కట్టడం, మన నేల మీద మన తీరులో ఆరాధన జరగాలని అలా కట్టించారు. డోర్నకల్ జంక్షన్ కాబట్టి కాజీపేట, మహబూబాబాద్ మీదుగా రైలుంది. స్టేషన్‌కి నేనే వస్తాను. మా ఆవరణలో వేపచెట్టు కింద ఎనిమిది మంది హాయిగా కూర్చోవచ్చు.

---

ఆరుగురి అమ్మ, సికింద్రాబాద్ | మంగళవారం రాత్రి 8:20

మాస్టారూ, వచ్చే నెల రెండో శనివారం బయల్దేరి ఆదివారం ఆరాధనకి ఉండేట్టు వస్తున్నాం. మావాడికి మీ పోస్టు చదివి వినిపించాను. "వేపచెట్టు కింద ఎనిమిది కాదు కదా, తాతగారూ అమ్మమ్మగారూ కూడా ఉంటారు, పది" అని నోటుబుక్కులో రాసుకున్నాడు. పులిహోర నేను తెస్తాను, అమ్మగార్ని శ్రమ పెట్టకండి. ఆదివారం ఆరాధన ఎన్ని గంటలకి మొదలవుతుందో చెప్పండి, తిరుగు టికెట్లు దాన్నిబట్టి చేయిస్తాను.